చత్వారం వచ్చిన అక్కల లెక్క



ఈ ఏడు నివేదికలో పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలతో పాటు మన ఊళ్లకు పనికొచ్చే చరిత్ర కూడా ఒకటి రాయాలని పాలకవర్గం మీటింగులో అనుకున్నం. ఒకరు చెరువు గురించి రాస్తమన్నరు, ఒకరు బడి గురించి. నేను కళ్లద్దాల గురించి రాస్తనంటే అందరూ నవ్విన్రు. కళ్లద్దాలకు చరిత్ర ఏముంటదని అడిగిన్రు. ఉన్నది. ఉచిత కంటి పరీక్ష ఎవరికి, అద్దాలకు సాయం ఎవరికి అనే మాట యాభై ఏండ్ల నుంచి మారుకుంటూ వచ్చింది. ఆ మార్పులో మన సంఘాల ఆడవాళ్లు ఎక్కడ ఉన్నరో అందరికీ తెలియాలని ఇది రాస్తున్న.

చత్వారం అంటే ఏమిటి

నలభై దాటినంక దగ్గరి చూపు తగ్గుతది. దూరాన వచ్చే బస్సు కనబడుతది గానీ చేతిలో ఉన్న సూది బెజ్జం కనబడదు. దీన్ని పెద్దలు చత్వారం అన్నారు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై, ఈ పేరు దానితో ముడిపడ్డది. మన దిక్కు ‘సైటు వచ్చింది’ అంటరు. ఇది రోగం కాదు. కంటి లోపలి కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువును చూడటానికి ముందటిలెక్క ఆకారం మార్చుకోలేదు. సరైన నంబరు అద్దాలు పెట్టుకుంటే చాలు, మళ్లీ కనబడుతది. ఉన్నోళ్లకు, లేనోళ్లకు, అందరికీ వచ్చేదే.

ఇంత సులువుగా సరిచేసుకునే సమస్య ప్రభుత్వం లెక్కలోకి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఎందుకో చూద్దాం.

మొదట లెక్కించింది గుడ్డితనాన్నే

మన దేశంలో 1963లో ట్రకోమా అనే కంటి అంటురోగం మీద జాతీయ కార్యక్రమం మొదలైంది. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం వచ్చింది. అప్పుడు నూటికి 1.4 మంది చూపు లేనివాళ్లు ఉన్నారని, దాన్ని 0.3కు తగ్గించాలని పెట్టుకున్నారు. చూపు లేనివాళ్లు అంటే ఎవరు? మంచి చూపున్న మనిషి 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని 6 మీటర్ల దగ్గర కూడా గుర్తుపట్టలేనివాళ్లు. ఇది దూరపు చూపు లెక్క. చేతిలో ఉన్నది కనబడని మనిషి ఈ లెక్కలోకి రాదు.

అందుకని పని ఎక్కువగా మోతిబిందు ఆపరేషన్ల మీదనే నడిచింది. అది తప్పు అనలేము, అప్పుడు మోతిబిందుతోనే ఎక్కువమందికి చూపు పోయేది. మా నానమ్మ కాలంలో కంటి క్యాంపు అంటే ఆపరేషనే. అప్పటి ఆపరేషన్లలో కంటి కటకం తీసేసేవాళ్లు గానీ లోపల కొత్తది పెట్టేవాళ్లు కాదు. అందుకే ఆ ముసలోళ్లకు సోడాబుడ్డి అద్దాలు ఉండేవి. అవి పగిలితే ఆపరేషన్ అయిన కన్ను కూడా కనబడనట్టే. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మోతిబిందు ప్రాజెక్టు నడిచింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ కాలంలోనే కంట్లో కటకం పెట్టే ఆపరేషన్లు బాగా పెరిగాయి.

బీడీ కార్డు ఉన్నోళ్లకు

1976లోనే ఇంకో చట్టం వచ్చింది, బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం. మన మండలంలో చాలా ఇండ్లల్ల బీడీలు చేస్తరు గనుక ఇది మనకు దగ్గరి సంగతి. ఆ నిధి కింద కార్మికులకు కళ్లద్దాలు కొనుక్కోవడానికి 300 రూపాయల వరకు తిరిగి ఇచ్చే సాయం ఉండేది. పనిచేసే మనిషి కండ్ల కోసం పెట్టిన సాయం ఇది. అయితే గుర్తింపు కార్డు ఉండాలె.

ఇక్కడనే మన ఆడవాళ్లు ఆగిపోయిన్రు. ఇంట్లో అత్త పేరు మీద కార్డు ఉంటది, కోడలు బీడీలు చేస్తది. ఆకు కత్తిరించేది, చుట్టేది, దారం కట్టేది కోడలు. కార్ఖానా లెక్కల పేరు మాత్రం అత్తది. కండ్లు అరిగిపోయేది ఒకరివి, అర్హత ఇంకొకరిది. కార్డు ఉన్నోళ్లలో కూడా ఈ సాయం సంగతి చాలామందికి తెలియదు. మా సంఘంలో అడిగితే ఒక్కరు కూడా తీసుకోలేదు.

పిల్లలు, ముసలోళ్లు వచ్చిన్రు, నడుమ వాళ్లు మిగిలిన్రు

1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో 10 వేల మందికి పైగా పరీక్షించి పెద్ద సర్వే చేశారు. చూపు లేనివాళ్ల లెక్కలోకి వచ్చినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి కారణం దృష్టిదోషం, అంటే సరైన అద్దాలు పెడితే తీరేది. ఆపరేషన్ ఒక్కటే కాదు, అద్దాలు అందడం కూడా ముఖ్యమని దీనితో బాగా తెలిసింది.

బడి పిల్లలకు పరీక్షలు చేసి, పేద పిల్లలకు అద్దాలు ఉచితంగా ఇవ్వడం జాతీయ కార్యక్రమంలో చేరింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చి 18 ఏండ్ల లోపు పిల్లలను చూడటం మొదలైంది. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో చత్వారం వచ్చిన పేద వృద్ధులకు ఉచిత అద్దాలు అనే మాట కూడా వచ్చింది.

చూడండి, పిల్లలు వచ్చిన్రు, వృద్ధులు వచ్చిన్రు. చత్వారం మొదలయ్యేది నలభైలో, అర్హత అందేది ముసలితనంలో. నడుమ ఉన్న ఇరవై ఏండ్లు ఎవరివి? బీడీలు చుట్టేవాళ్లవి, బట్టలు కుట్టేవాళ్లవి, బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లవి, సంఘం పుస్తకాలు చూడాల్సినవాళ్లవి.

సంతకం పోయిన సంగతి

మన సంఘాల చరిత్ర మీకు తెలిసిందే. 1982లో డ్వాక్రా వచ్చింది. 1990 తర్వాత అక్షరాస్యత ఉద్యమం, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం, ఆ తర్వాత పొదుపు సంఘాలు. 2000లో వెలుగు ప్రాజెక్టు. వేలిముద్ర వద్దు, సంతకం చేయాలె అని పట్టుబట్టి నేర్పిన్రు. మా ఊరిలో అట్ల ముప్పై ఏండ్ల వయసులో పలక పట్టిన అక్కలు ఇప్పుడు యాభై దాటిన్రు. వాళ్లలో కొందరు మళ్లీ వేలిముద్ర వేస్తున్నరు. అక్షరం మర్చిపోయి కాదు, గీత కనబడక. తీర్మానం పుస్తకంలో ఎక్కడ పెట్టాలో తెల్వక ‘నువ్వే వేలు పట్టి పెట్టియ్యి చెల్లె’ అంటరు. ఆమె చదువు మానేసిందని మనం అనుకుంటం.

నేను రాసిన లిస్టు

ఇప్పుడు నా తప్పు చెప్తాను. 2016లో నేను మా సంఘానికి రెండో లీడర్‌ను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు మండలంలో కంటి క్యాంపు పెడుతున్నరని, ఊరి నుంచి లిస్టు కావాలని కబురు వచ్చింది. క్యాంపు అంటే ముసలోళ్లకే కదా అనుకొని నేను అరవై దాటినోళ్ల పేర్లే రాసి పంపిన. వయసు నిబంధన ఏమన్నా ఉన్నదా అని ఎవరినీ అడగలేదు. నిజానికి అట్లాంటి నిబంధనే లేదని తర్వాత తెలిసింది.

మా సంఘంలోనే నాకు వదిన వరుసయ్యే ఆమెకు అప్పుడు నలభై నాలుగేండ్లు. బీడీలు చేస్తది. ‘నా పేరు కూడా రాయరాదు, ఆకు అంచు కనబడ్తలేదు’ అన్నది. ‘నీకేం వయసైంది వదినె, అది ముసలోళ్ల క్యాంపు’ అని నేను నవ్విన.

ఆమె సంతలో నంబరు చూడకుండా ఒక జత అద్దాలు కొన్నది. తలనొప్పి వస్తుందని పక్కన పెట్టింది. బీడీలు ఒక తీరు రాక కార్ఖానాల పక్కన పడేసేవి పెరిగినయ్. ఆ ఏడాదే ఆమె అప్పు పాసుపుస్తకంలో రెండు కిస్తులు ఎక్కలేదు. ఆమె పైసలు కట్టింది, మేమే రాయడం మర్చిపోయినం. నాలుగు నెలలు ఆమెకు తెల్వలేదు, పుస్తకం చదవలేదు గనుక. చివరికి ఆమె బిడ్డ సెలవులకు వచ్చి చూసి అడిగితే సరిచేసినం. ఆ బిడ్డ రాకపోతే రెండు కిస్తులు ఆమె మీదనే పడేవి. అద్దాలు అంటే సోకు కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

రంగు అడగని, వయసు అడగని పరీక్ష

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. దీని ప్రత్యేకత ఏమంటే రేషన్ కార్డు రంగు చూడలేదు, గుడ్డితనం ఉందా అని చూడలేదు. ఊరికే వచ్చి అందరినీ పరీక్షించారు. రాష్ట్రంలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైంది. అప్పుడు 18 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019 అక్టోబర్ 10న ఇదే తీరు కార్యక్రమం అనంతపురంలో మొదలై, ముందుగా బడి పిల్లలను చూసింది.

2018లో మా ఊరికి క్యాంపు వచ్చిన రోజుల్ల వదిన మిరపకాయ ఏరడానికి వేరే జిల్లాకు పోయింది. రెండో విడతలో ఆధార్ కార్డు పట్టుకొని నేనే తోలుకపోయిన. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చిన్రు. తర్వాతి నెల మీటింగుల ఆమె పాసుపుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చివరి దాక చదివింది. మేము గంట సేపు కూర్చున్నం. సంతకం చేసినంక ‘ఏడేండ్లు నడిపిచ్చినవు చెల్లె’ అన్నది నాతోని. నేను జవాబు చెప్పలేదు.

అద్దాలతో పని ఎంత పెరుగుతదో కొలిచిన పరిశోధన ఒకటి ఉంది. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏండ్లు దాటిన 751 మంది కార్మికులతో చేశారు, ఎక్కువమంది ఆడవాళ్లే. 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్ల కన్నా ఐదో వంతుకు పైగా ఎక్కువ ఆకు తెంపారు. బీడీ ఆకుకైనా తేయాకుకైనా కండ్లు అవే కదా.

ఇక మన పని

క్యాంపు రోజూ ఉండదు. ప్రభుత్వ పెద్ద దవాఖానల్లో కంటి పరీక్షకు పైసలు తీసుకోరు. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి దవాఖాన ఉంది. అద్దాల కోసమే కాదు, పరీక్ష కోసం కూడా పోవాలె. నీటికాసులు అనే జబ్బు నొప్పి లేకుండానే చూపును తినేస్తది. షుగరు ఉన్నోళ్లు ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోవాలె. సంతలో కొన్న అద్దాలు ఇవి చెప్పవు.

మా గ్రామ సంఘంలో ఈ ఏడు మూడు తీర్మానాలు రాసుకున్నం. ఒకటి, క్యాంపు కబురు వస్తే అర్హత ఏమిటో అడిగి, కాయితం మీద చూసినంకనే లిస్టు రాయాలె, మనమే వయసు గీత గీయొద్దు. రెండు, ప్రతి సంఘంలో నలభై దాటిన సభ్యులందరి పేర్లు ఏటా రాసి, పరీక్ష అయిన తారీఖు పక్కన వేయాలె. మూడు, అద్దాలు పగిలిన సభ్యురాలికి సంఘం నుంచి వడ్డీ లేకుండా చేబదులు ఇయ్యాలె. మిగతా సంఘాలు కూడా దీని మీద మాట్లాడుకోవాలని కోరుతున్న.

తీర్మానం పుస్తకంలో వేలిముద్ర కనబడితే, చదువు రాదనుకోవద్దు. ముందు ఆమె వయసు చూడండి. ఇంకో రెండేండ్లకు నాకు కూడా నలభై వస్తయి. అప్పటి లిస్టు రాసే చెల్లె నన్ను వదిలిపెట్టొద్దని కూడా ఇది రాసిన.

ఇట్లు,
ఒక సంఘం లీడర్