వెయ్యి అడుగుల అవతల

పిల్లలపై లైంగిక నేరం చేసి జైలు నుంచి వచ్చినవాడు బడికి ఎంత దూరంలో ఇల్లు తీసుకోవాలి? అమెరికా ఈ ప్రశ్నకు జవాబును అడుగుల్లో చెప్పింది.

దీనికి బీజం 1989లో పడింది. ఆ అక్టోబరు రాత్రి మిన్నెసోటాలో సైకిలు మీద ఇంటికొస్తున్న పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్‌ను ముసుగు మనిషి ఎత్తుకుపోయాడు. ఆ పిల్లవాడి పేరిట 1994లో వచ్చిన చట్టం, ఇలాంటి నేరస్థుల చిరునామాలు నమోదు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. 1996లో మేగన్ అనే బాలిక పేరిట వచ్చిన చట్టం ఆ వివరాలను జనానికి తెలియజేయమంది. పక్కింట్లో ఎవరున్నారో తెలిశాక ‘ఖాళీ చేయించండి’ అనకుండా ఉంటారా? ఫ్లోరిడా అప్పటికే, 1995లో, షరతులపై విడుదలైనవారు బడికి వెయ్యి అడుగుల లోపల ఉండకూడదంది.

అదే రాష్ట్రంలో 2005లో ఓ బాలిక హత్య జరిగాక దూరాల వేలంపాట మొదలైంది. ఆ హంతకుడు రిజిస్టరులో ఉన్నవాడే, నమోదైన చిరునామాలో మాత్రం లేడు. అయినా పాఠం నేర్చిందెవరు? కాలిఫోర్నియా ఓటర్లు 2006లో 2,000 అడుగులకు సరేనన్నారు. ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ కౌంటీ ఏకంగా 2,500 అంది, అంటే ముప్పావు కిలోమీటరు. నగరంలో అంత ఖాళీ ఎక్కడుంది? చివరికి సముద్రపు పాయ మీది జూలియా టటిల్ వంతెన కింద గుడారాలు వెలిశాయి. పర్యవేక్షించాల్సిన అధికారులే మనుషుల్ని అక్కడికి పంపారు. 2009 నాటికి వందమంది దాటారు. మరుసటేడు ఖాళీ చేయించారు.

ఇంత చేసి దక్కిందేమిటి? మళ్లీ నేరం చేసి జైలుకొచ్చిన 224 మంది కేసులను మిన్నెసోటా జైళ్ల శాఖ 2007లో తిరగేసింది. దూరం నిబంధన ఆపగలిగేది ఒక్కటీ కనబడలేదు. ఆశ్చర్యమేముంది? చట్టం కొలిచేది రాత్రి పడుకునే చోటును. పగలు ఎక్కడ తిరిగాడన్నది దానికి పట్టదు. పైగా ఇల్లూ పనీ లేని మనిషి మీద నిఘా ఇంకా కష్టం. అయోవా 2009లో తన చట్టాన్ని సడలించింది. శాన్ డియాగోలో పెరోలు మీదున్న ఇలాంటి నేరస్థులందరికీ గంపగుత్తగా 2,000 అడుగుల నిబంధనను వర్తింపజేయడం చెల్లదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. జేకబ్ తల్లి ప్యాటీ సైతం ఈ చట్టాలు హద్దు దాటాయన్నారు.

మన దేశంలో 2018 నుంచి లైంగిక నేరస్థుల రిజిస్టరు ఉంది. దాన్ని చూసేది పోలీసులే, అందులో దూరం లెక్క లేదు. ఇక్కడా అలాంటి చట్టం కావాలని ఎవరైనా అడిగితే ఒక్కమాట గుర్తుచేయండి: మన పోక్సో అత్యాచార కేసుల్లో నిందితులు నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు తెలిసినవాళ్లే.