పురావస్తువుల అక్రమ రవాణా నిరోధం: చట్టాలు, ప్రజల బాధ్యత

ఖద్దరుకు పేరెన్నికగన్న పొందూరు గల శ్రీకాకుళం జిల్లా పురావస్తు సంపదకు కూడా నిలయం. వంశధార తీరాన శాలిహుండం, శ్రీముఖలింగం, ఆ జిల్లాలోనే దంతవరపుకోట, పొరుగున విజయనగరం జిల్లాలో రామతీర్థం ఇందుకు నిదర్శనాలు. శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చారు. అనంతరం జరిపిన త్రవ్వకాలలో స్తూపాలు, చైత్యాలు, ధాతు కరండాలు బయల్పడ్డాయి. ఇటువంటి సంపదపై దొంగల దృష్టి పడితే కలిగే నష్టం ఎంతటిదో చందవరం ఉదంతం తెలియజేస్తుంది.

చందవరం శిల్పం

ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరం గుండ్లకమ్మ తీరంలోని బౌద్ధ క్షేత్రం. అక్కడి ప్రదర్శనశాల నుండి 2000-2001 సంవత్సరాల ప్రాంతంలో శిల్పాలు చోరీకి గురయ్యాయి. బుద్ధుని ఆరాధకులను చూపే క్రీ.శ. 3వ శతాబ్దపు సున్నపురాతి ఫలకం వాటిలో ఒకటి. దానిని 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్ నుండి 5,95,000 అమెరికన్ డాలర్లకు కొనుగోలు చేసింది. ఆ శిల్పం పూర్వం హాంకాంగ్‌లో ఒక వ్యక్తి సేకరణలో ఉన్నట్లు అమ్మకపు పత్రాలలో చూపారు. అయితే 1990 దశకంలో అది చందవరంలోనే ఉన్నట్లు ఛాయాచిత్రం ద్వారా రుజువైంది. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా దానిని భారతదేశానికి అప్పగించింది. దొంగసొత్తు పురావస్తువుల వ్యాపారానికి సంబంధించిన అభియోగాలను వీనర్ 2021లో న్యూయార్క్ కోర్టులో అంగీకరించారు.

చట్టం ఏమి చెబుతున్నది

పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో రూపొంది, 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. నూరేళ్లకు తక్కువ కాని శిల్పాలు, నాణేలు, శాసనాలు తదితరాలు, 75 ఏళ్లకు తక్కువ కాని విలువైన వ్రాతప్రతులు దీని పరిధిలోకి వస్తాయి. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. ఉల్లంఘించినవారికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. దేశంలో వీటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. నిక్షేపాల చట్టం, 1878 ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం గురించి కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచినవారు శిక్షార్హులు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను నిరోధించే 1970 నాటి యునెస్కో ఒప్పందాన్ని భారతదేశం 1977లో ధ్రువీకరించింది.

ప్రజలు చేయవలసినవి

పొలం దున్నునపుడు గాని, చెరువు పూడిక తీయునపుడు గాని, పునాదులు త్రవ్వునపుడు గాని పురాతన వస్తువులు బయటపడితే వాటిని కదపకుండా తహసీల్దారుకు, పోలీసులకు, పురావస్తు శాఖకు తెలియజేయాలి. వస్తువు ఏ పొరలో, వేటి సరసన దొరికిందన్న వివరమే దాని కాలనిర్ణయానికి ఆధారం. పెకలించి అమ్మినపుడు ఆ వివరం నశిస్తుంది. వస్తువు తిరిగివచ్చినా అది తిరిగిరాదు.

గ్రామాలలోని పాత ఆలయాలు, దిబ్బల వద్దనున్న విగ్రహాలకు అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయించి, కొలతలు, పగుళ్లు, గుర్తులు నమోదు చేసి భద్రపరచుట మేలు. చందవరం శిల్పం స్వదేశానికి చేరుటకు తోడ్పడినది అటువంటి ఒక ఛాయాచిత్రమే.