బూడిదదిబ్బలోని గోలీసీసా

ఇంగ్లండు దేశమున కొందఱు సెలవుదినములందు పలుగు, పార చేతఁబట్టి నూఱేండ్లకు పైఁబడిన చెత్తదిబ్బలను త్రవ్వుచుందురు. వారు వెదకునది బంగారము కాదు, పాతసీసాలు! ఆనాఁటి యిండ్ల బొగ్గుబూడిద మెత్తఁగాఁ గప్పియుండుటచేఁ బెక్కుసీసాలు పగులక నిలిచినవి. మన మెఱిఁగిన గోలీసోడాసీసాయు వానిలోఁ గలదు. 1872లో హైరం కాడ్ అను నాంగ్లేయుఁడు దానికి పేటెంటు హక్కు పడసెను. సోడాలోని వాయువే గోలీని పైకిఁ దన్ని, మూతికడనున్న రబ్బరు వలయమునకు నదిమిపట్టును, బిరడా యక్కఱలేదు. అయితే గోలీకై యచటి పిల్లలు సీసాలనే పగులఁగొట్టిరి. మన పిల్లలు మాత్రము తక్కువవారా! కావునఁ బగులని సీసా దొరకినచో త్రవ్వువారికి పండుగయే. ఆ తొందరలో దిబ్బ పొరలను కలగలిపివేసినచో, సీసా చేఁజిక్కును గాని, దానితోఁ బాఱవేసిన పింగాణిపెంకులు, పొగగొట్టపు ముక్కలు ఏ కాలమువో చెప్పుట దుర్ఘటము.