మాస్టర్ ప్లాన్ ఎవరిది? మహానగర ప్రణాళికలో స్థానిక సంస్థల చరిత్ర

నగరం ఏ దిక్కుకు విస్తరించాలి, ఏ చెరువు చెరువుగానే మిగలాలి, ఏ పొలం మీదుగా రింగురోడ్డు వెళ్లాలి అన్న నిర్ణయాలు చూడడానికి సాంకేతికమైనవి. మ్యాపు మీద ఒక రంగు మారితే మాత్రం ఒక కుటుంబం ఆస్తి పదింతలు కావచ్చు, మరో కుటుంబం భూమి అమ్ముకోవడానికి వీలులేకుండా పోవచ్చు. అందుకే భూవినియోగ ప్రణాళిక అసలు స్వభావంలో రాజకీయ నిర్ణయమే. ఆ నిర్ణయం చేసేవారిని ఎవరు ఎన్నుకున్నారన్న ప్రశ్న మన దేశంలో నూట పాతికేళ్లుగా వాయిదా పడుతూ వస్తున్నది.

1882లో రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువడింది. 1888 నాటి చట్టంతో బొంబాయి నగరపాలక సంస్థకు చెప్పుకోదగిన అధికారాలు సమకూరాయి. పదేళ్లయినా గడవకముందే, 1896లో ఆ నగరాన్ని ప్లేగు ముంచెత్తింది. మురికివాడలను తొలగించి, వీధులను వెడల్పు చేయడం ఎన్నికైన సభ్యులున్న కార్పొరేషన్ వల్ల కాదని వలస ప్రభుత్వం భావించింది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పేరిట వేరొక సంస్థను నెలకొల్పి, భూసేకరణ అధికారాన్ని దాని చేతికిచ్చింది. నగరపాలక ప్రతినిధులకు అందులో కొన్ని స్థానాలు మాత్రమే దక్కాయి. పన్నులు కట్టే నగరం ఒకటి, దాని రూపురేఖలు నిర్ణయించే సంస్థ మరొకటి అన్న ఏర్పాటుకు అదే నాంది. 1911 నాటి చట్టంతో కలకత్తాకూ, 1937లో ఢిల్లీకీ ఇటువంటి ట్రస్టులే వచ్చాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరదలు హైదరాబాదును అతలాకుతలం చేశాక నిజాం సంస్థానంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సిఫారసుల మేరకు వరద నివారణకు నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ విపత్తు మిగిల్చిన మేలు.

ఈ సంస్థలు పనిచేయలేదని చెప్పడం అన్యాయం. రోడ్లు వేశాయి, నివాస ప్రాంతాలు తీర్చిదిద్దాయి, జలాశయాలు కట్టించాయి. అయితే వాటితోపాటు ఒక ఆనవాయితీ కూడా స్థిరపడింది. ఆపద వచ్చినప్పుడు ఎన్నికైన సంస్థను పక్కన పెట్టి, నియమిత సంస్థకు అధికారం అప్పగించడమే ఆ ఆనవాయితీ. ఆపద తీరిపోయినా అధికారం తిరిగి రావడం అరుదు. బొంబాయి ట్రస్టు 1933 నాటికి కార్పొరేషన్‌లో విలీనమైన ఉదంతం ఆ అరుదైన వాటిలో ఒకటి.

స్వాతంత్ర్యం ఈ ఆనవాయితీని చెరిపేయలేదు. రాజ్యాంగం 40వ అధికరణలో గ్రామ పంచాయతీల ప్రస్తావన చేసింది గానీ, పురపాలికలను రాష్ట్రాల జాబితాలోని ఒక పద్దుకు వదిలేసింది. 1955-56లో ఢిల్లీలో కామెర్ల వ్యాధి ప్రబలింది. 1957లో పార్లమెంటు చట్టంతో ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే డీడీఏ పుట్టింది. 1962 మాస్టర్ ప్లాన్ దాని తొలి పెద్ద ఫలితం. ఇప్పటికీ దానికి అధ్యక్షుడు లెఫ్టినెంట్ గవర్నరే. 1991లో ఢిల్లీకి శాసనసభ ఇచ్చిన రాజ్యాంగ సవరణ కూడా శాంతిభద్రతలు, పోలీసులతోపాటు భూమిని శాసనసభ పరిధి నుంచి మినహాయించింది. కలకత్తాలో కలరా బెడద నేపథ్యంలో 1961లో మహానగర ప్రణాళికా సంస్థ ఏర్పడింది. 1970లో రాష్ట్రపతి పాలన కాలంలో మహానగర అభివృద్ధి సంస్థ వచ్చింది. 1975లో బొంబాయి ప్రాంతానికీ, హైదరాబాదుకూ, 1976లో బెంగళూరుకూ అభివృద్ధి ప్రాధికార సంస్థలు వచ్చాయి.

ఈ సంస్థలకు అనుకూలంగా ఒక బలమైన వాదన ఉంది. నగరం పురపాలక సరిహద్దు దగ్గర ఆగిపోదు. నీరు, మురుగు, రవాణా ఏ సరిహద్దునూ గుర్తించవు. పక్కపక్కనున్న పది పురపాలికలు, నూరు పంచాయతీలు ఎవరి ప్లాన్ వారు గీసుకుంటే ఎగువ ఊరి లేఅవుటు దిగువ ఊరి వరద అవుతుంది. ఈ వాదన పూర్తిగా నిజం. దాని నుంచి తేలేది స్థానిక సంస్థలు కలిసి కూర్చునే ఉమ్మడి వేదిక ఒకటి కావాలని. వాటన్నిటినీ తప్పించిన వేదిక కావాలని మాత్రం కాదు.

74వ రాజ్యాంగ సవరణ ఆలోచన సరిగ్గా ఇదే. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన బిల్లులు రాజ్యసభలో వీగిపోయాయి. పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో 1992 డిసెంబరులో పార్లమెంటు 73, 74 సవరణలను ఆమోదించింది. 1993 జూన్ 1 నుంచి 74వ సవరణ అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ నియంత్రణ, భవన నిర్మాణం. 10 లక్షలు, అంతకు మించి జనాభా గల ప్రతి మహానగర ప్రాంతానికీ ప్రణాళికా కమిటీ ఉండి తీరాలని 243జెడ్ఈ అధికరణ నిర్దేశించింది. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను ఆ ప్రాంతంలోని పురపాలికల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచి తామే ఎన్నుకోవాలి. పట్టణ, గ్రామీణ జనాభా నిష్పత్తిని బట్టి స్థానాలు పంచాలి. మిగిలిన చోటులో ప్రభుత్వ ప్రతినిధులు, నిపుణులు కూర్చోవచ్చు. నీటి పంపకం, భౌతిక వనరులు, ఉమ్మడి ప్రయోజనాలు ఆ కమిటీ పరిశీలించాల్సిన విషయాలని రాజ్యాంగమే పేర్కొన్నది.

2011 జనగణన నాటికి దేశంలో 10 లక్షలకు పైబడిన నగర సముదాయాలు 53. వాటిలో ఈ కమిటీ నిజంగా ప్రణాళిక రచించి అమలు చేయించిన నగరాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. పశ్చిమ బెంగాల్ 1994లోనే చట్టం చేసి, 2001లో కోల్‌కతాకు కమిటీ ఏర్పాటు చేసింది. అక్కడ కూడా అధ్యక్షుడు ముఖ్యమంత్రే, సాంకేతిక బాధ్యత పాత అభివృద్ధి సంస్థదే. బెంగళూరుకు 2014లో కమిటీ వచ్చింది. ఆ నగరానికి 2020 సెప్టెంబరు తర్వాత ఎన్నికైన కౌన్సిలే లేకుండా పోయింది. కౌన్సిలర్లు లేని నగరం నుంచి ప్రణాళికా కమిటీకి ప్రతినిధులు ఎవరు వస్తారు?

వైఫల్యానికి బీజం సవరణలోనే ఉన్నది. కమిటీ ఉండి తీరాలని చెప్పిన రాజ్యాంగం, పురపాలికలకు అధికారాలను రాష్ట్ర శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అని 243డబ్ల్యు అధికరణలో రాసింది. అభివృద్ధి ప్రాధికార సంస్థల భవిష్యత్తు గురించి ఒక్క మాటా చెప్పలేదు. 243క్యూ అధికరణలో పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు ఇచ్చింది. ఎన్నికైన పురపాలిక లేకుండా నోయిడా అంతటి నగరం పెరిగింది ఆ నీడలోనే. పొరుగునున్న గుర్గావ్ 1975 నాటి హర్యానా చట్టం కింద ప్రైవేటు బిల్డర్ల లేఅవుట్లతో విస్తరించింది, దానికి నగరపాలక సంస్థ 2008లో గాని రాలేదు. 1985 చట్టంతో ఏర్పడిన జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి ఈ నగరాలన్నింటికీ కలిపి ప్లాను వేస్తుంది. అయితే అది కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య సమన్వయం. స్థానిక సంస్థలది ప్రేక్షక పాత్రే.

రెండో కారణం డబ్బు. భూవినియోగ మార్పిడి రుసుములు, లేఅవుటు అనుమతులు, భూముల వేలాలు రాష్ట్ర ప్రభుత్వాలకు అక్కరకొచ్చే ఆదాయం. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్ఎండీఏ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అంతటి విలువను శాసించే కలాన్ని సర్పంచులు, కౌన్సిలర్లు ఉన్న కమిటీ చేతికి ఏ ముఖ్యమంత్రి ఇష్టపడి ఇస్తాడు?

దీని పర్యవసానం ఏమిటో తెలుగువారికి రెండు ఉదాహరణలు చాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకు 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. నగరానికి మంచినీరు, వరద రక్షణ దక్కాయి. ఆ ఊళ్ల భూముల విలువ పొరుగు గ్రామాలతో పోలిస్తే కుంగిపోయింది. ఆంక్షలు ఎత్తివేయాలని ఆ ఊళ్లు అడగడంలో అసహజమేమీ లేదు. నగరం పొందిన మేలుకు గ్రామాలకు ఏమి చెల్లించాలన్నది న్యాయంగా తేలవలసిన లెక్క. ఆ బేరం కుదిరే వేదిక లేదు. ఫలితంగా ఒక జీవో ఆంక్ష పెట్టింది, 2022 ఏప్రిల్‌లో మరో జీవో దాన్ని సడలించింది. జలాశయాల భవితవ్యం, 84 ఊళ్ల భవితవ్యం రెండూ సచివాలయంలోనే ఉండిపోయాయి.

రెండోది అమరావతి. 2014 చట్టంతో సీఆర్‌డీఏ ఏర్పడింది. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చారు. ఒప్పందం ఒక్కొక్క రైతుకూ ప్రాధికార సంస్థకూ మధ్య జరిగింది. 2019లో ప్రభుత్వం మారగానే మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. ఆ రైతులు నాలుగేళ్లకు పైగా శిబిరాల్లోనూ, న్యాయస్థానాల మెట్ల మీదనూ గడపవలసి వచ్చింది. రాజధాని ఎక్కడ ఉండాలన్న వివాదంలో ఎవరి పక్షమైనా వహించవచ్చు. ఒక ప్రణాళికకు ప్రభుత్వం తప్ప వేరే ఆధారం లేనప్పుడు, ప్రభుత్వంతోపాటే ప్రణాళికా కూలుతుందన్న పాఠం మాత్రం అన్ని పక్షాలకూ వర్తిస్తుంది.

స్థానిక నాయకులు సంకుచితులు, అవినీతిపరులు, వారికి సాంకేతిక జ్ఞానం లేదు అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అందులో కొంత నిజమే. కానీ నిపుణుల చేతిలో ఉన్నదని చెప్పే వ్యవస్థ ఏమి సాధించింది? అక్రమ కట్టడాలనూ లేఅవుట్లనూ రుసుము కట్టించుకుని సక్రమం చేసే పథకాలు మన రాష్ట్రాల్లో 2007లో వచ్చాయి, 2015లో వచ్చాయి, 2020లో వచ్చాయి. ఉల్లంఘన అంత విస్తారంగా జరిగిందంటే ప్లాను కాగితానికే పరిమితమైందని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు. సామర్థ్యం అధికారంతోపాటే వస్తుందని కేరళ చూపింది. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమంలో ఆ రాష్ట్రం ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. తప్పులు జరిగాయి, అయితే వార్డు సభలు లెక్కలు అడగడం నేర్చుకున్నాయి.

చేయవలసింది కొత్తగా కనిపెట్టనక్కరలేదు. మహానగర ప్రణాళికా కమిటీలను రాజ్యాంగం చెప్పిన నిష్పత్తిలో ఏర్పాటు చేయాలి. అభివృద్ధి ప్రాధికార సంస్థలను వాటికి సాంకేతిక విభాగాలుగా మార్చాలి. భూమి అమ్మకాల ఆదాయంలో, ఆంక్షల భారం మోసే గ్రామాలకు చట్టబద్ధమైన వాటా ఉండాలి. అన్నిటికంటే ముందు పురపాలక, పంచాయతీ ఎన్నికలు గడువు తప్పకుండా జరగాలి. ఇవాళ ముసాయిదా మాస్టర్ ప్లాన్ వెలువడితే తన పొలం ఏ రంగులో ఉన్నదో చూసుకున్న రైతు చేయగలిగింది, గడువులోగా ఒక అధికారికి అభ్యంతర పత్రం సమర్పించడమే. ఆ పత్రాన్ని చదివేవారిలో అతను ఓటు వేసినవారు ఒక్కరైనా ఉండాలని రాజ్యాంగం ముప్పై ఏళ్ల కిందటే చెప్పింది.