అధోజంభికా గ్రంథిపై పురుష హార్మోన్ల ప్రభావం (చిట్టెలుక)

అధోజంభికా గ్రంథులు దవడ క్రింద ఉండే ఒక జత లాలాజల గ్రంథులు. ఎలుకలు, పందికొక్కులు, ఉడుతలు చేరిన కృంతకాల క్రమంలో, జననాంగాలతో సంబంధం లేని గ్రంథుల నిర్మాణాన్ని కూడా పురుష హార్మోన్లు మార్చగలవనడానికి చిట్టెలుక అధోజంభికా గ్రంథి ప్రసిద్ధమైన ఉదాహరణ.

నిర్మాణం

ఈ గ్రంథిలో లాలాజలాన్ని స్రవించే కోష్ఠకాలు, ఆ స్రావాన్ని నోటిలోకి చేర్చే నాళాలు ఉంటాయి. నాళాలలో మెలికలు తిరిగిన ఒక భాగపు కణాలలో ప్రోటీన్లతో నిండిన కణికలు కనిపిస్తాయి. ఈ భాగమే కణికామయ నాళిక. ఇది పుట్టిన తరువాత క్రమంగా రూపొంది, యౌవనారంభం నుండి స్పష్టమవుతుంది. మగ చిట్టెలుకలో ఈ నాళికలు వెడల్పుగా, వాటి కణాలు పొడవుగా, కణికలు అధికంగా ఉంటాయి. ఆడ చిట్టెలుకలో నాళికలు సన్నగా, కణికలు తక్కువగా ఉంటాయి. ఈ భేదాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంత్వాన్ లకసాన్ 1940లో వర్ణించాడు.

హార్మోన్ పనిచేసే విధము

ముష్కాలలో తయారైన టెస్టోస్టిరాన్ రక్తం ద్వారా నాళిక కణాలను చేరి, అక్కడి ఆండ్రోజెన్ గ్రాహకంతో బంధం ఏర్పరచుకుంటుంది. ఆ జంట కేంద్రకంలోని కొన్ని జన్యువులను చైతన్యపరుస్తుంది. ముష్కాలను తొలగిస్తే నాళికలు కుంచించుకుపోయి ఆడ చిట్టెలుక గ్రంథిని పోలుతాయి. టెస్టోస్టిరాన్ ఇస్తే మరల పెరుగుతాయి. ఆడ చిట్టెలుకకు ఇచ్చినా గ్రంథి మగ రూపం దాల్చుతుంది. ఆండ్రోజెన్ గ్రాహకం లోపించిన చిట్టెలుకలను మేరీ లయన్, సుసాన్ హాక్స్ 1970లో వర్ణించారు. అటువంటి వాటిలో టెస్టోస్టిరాన్ ఇచ్చినా ఈ మార్పు రాదు. అనగా హార్మోన్ ఒక్కటే చాలదు, దానిని గుర్తించే గ్రాహకం కూడా ఉండాలి. థైరాయిడ్ హార్మోన్లు సైతం ఈ నాళికల పెరుగుదలకు తోడ్పడతాయి.

ప్రాముఖ్యత

ఈ కణికలలో నాడీ వృద్ధి కారకం, ఉపకళా వృద్ధి కారకం అనే ప్రోటీన్లు ఉంటాయి. మగ గ్రంథిలో ఇవి ఆడ గ్రంథిలో కంటే ఎన్నో రెట్లు అధికం. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1960లో మొదటిదానిని, 1962లో రెండవదానిని ఈ గ్రంథి నుండే శుద్ధి చేశాడు. రెండవ కారకాన్ని ఎక్కించిన చిట్టెలుక పిల్లలు మామూలు కంటే ముందుగా కళ్ళు తెరిచాయి. వృద్ధి కారకాల ఆవిష్కరణకు కోహెన్, రీటా లెవీ-మోంటాల్చినీలకు 1986లో నోబెల్ బహుమతి లభించింది.

ఇతర జీవులలో

ఎలుకలలో ఈ లింగభేదం చిట్టెలుకలలో అంత ప్రస్ఫుటం కాదు. మానవుని అధోజంభికా గ్రంథిలో కణికామయ నాళికలే లేవు. బంగారు హామ్‌స్టర్‌లో మాత్రం కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి ఇటువంటి భేదాన్ని చూపుతుంది. మగదానిలో రెండు రకాల స్రావక కణాలు, ఆడదానిలో ఒకే రకం కణాలతో పాటు అధికంగా పార్ఫిరిన్ వర్ణకం ఉంటాయి. ముష్కాలు తొలగిస్తే మగ గ్రంథి ఆడ రూపానికి మారుతుంది. కావున ప్రయోగ ఫలితాలను పోల్చేటప్పుడు జంతువు జాతి, లింగం, వయస్సు మూడింటినీ గమనించడం తప్పనిసరి. ఒక జంతువులో కనిపించినది మానవునికీ వర్తిస్తుందని భావించరాదు.