మిషను కాంపౌండు, ఊరు, పల్లె

శతవార్షికోత్సవ సంచికలలో సాధారణముగా దేవాలయముల పొడవు వెడల్పులు, వచ్చి వెళ్ళిన మిషనరీల పేర్లు, సభ్యుల లెక్కలు ఉంటాయి. అవి ఉండవలసినవే. కాని ఒక సంస్థ ప్రహరీ గోడ లోపల జరిగినది మాత్రమే దాని చరిత్ర కాదు. గోడకు అవతల ఉన్నవారితో అది ఎట్లా మెలిగినది, వారు దానిని గురించి ఏమనుకున్నారు, దాని నిర్ణయముల వలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలిగినది అన్నది కూడా చరిత్రే. ఈ దృష్టితో చూడదగిన ఉదంతము ఒకటి ఒంగోలులో జరిగినది. ఒంగోలు మిషను బాప్తిస్టు సోదరులది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో వారు చేరలేదు. అయినా తెలుగు క్రైస్తవులలో ఎవరికైనా ఇది ఇంటి కథే.

అమెరికన్ బాప్తిస్టులు 1840 నుండి నెల్లూరులో పని చేస్తున్నా చాలాకాలము చెప్పుకోదగిన ఫలితము కనబడలేదు. ఈ మిషనును మూసివేద్దామన్న మాట అమెరికాలో ఒకసారి కాదు, అనేకసార్లు వచ్చినది. ఆ స్థితిలో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. ఆయన యౌవనములో అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవాడు. గొలుసు పట్టి నేల కొలవడము తెలిసిన ఈ మిషనరీకి ఆ విద్య తరువాత ఎట్లా పనికి వచ్చినదో చూస్తాము.

ఒంగోలు పట్టణములోని అగ్రవర్ణముల వారు దొరగారి పట్ల మొదట మర్యాదగానే ఉన్నారు. వారి పిల్లలు ఆయన బడికి వచ్చేవారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్యగారు అనే మాదిగ విశ్వాసి ద్వారా పల్లెల నుండి మాదిగలు రావడము మొదలైనది. వారిని చేర్చుకొనేట్లయితే మా పిల్లలను పంపము అని పట్టణపు పెద్దలు చెప్పివేశారు. ఆ రోజు దొరగారూ దొరసానిగారూ వేరువేరు గదులలో ప్రార్థించి, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరువగా ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము వచ్చినదని చెబుతారు. ఫలితము మాత్రము అందరికీ తెలిసినదే. పల్లెవారు వచ్చారు, పట్టణపు పిల్లలు వెళ్ళిపోయారు. మిషను తన ఇరుగుపొరుగును తానే ఎంచుకొనవలసి వచ్చిన సందర్భమది. అందరికీ మంచివారుగా ఉండే వీలు దానికి లేకపోయినది.

అయితే మిషను పోగొట్టుకొన్నది ఒక బడి. పల్లెవాడు పోగొట్టుకొన్నది అంతకన్న పెద్దది. ఆ కాలపు ఊరి కట్టుబాటును ఇక్కడ జ్ఞాపకము చేసుకోవాలి. మాదిగ కుటుంబము ఊరి రైతులకు చెప్పులు కుట్టాలి, మోటబావులకు తోలు తిత్తులు చేసి ఇవ్వాలి, చచ్చిన పశువును తీసివేయాలి, జాతరకు డప్పు కొట్టాలి, కోతలకు రావాలి. అందుకు ప్రతిగా కళ్ళములో మేర గింజలు దొరుకుతాయి. అది జీతమూ కాదు, పూర్తిగా వెట్టీ కాదు. తరతరాల బంధము. క్లౌ దొరగారు విశ్వాసులకు పెట్టిన నియమములు మూడే. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినడానికి ఇవి భక్తి విషయములు. కాని మూడూ ఊరి కట్టుబాటును తాకేవే. డప్పు కొట్టేవాడు లేకపోతే జాతర సాగదు. వరి కోతకు వచ్చినప్పుడు ఆదివారమని ఆగదు. రైతు కోపమునకు మతద్వేషమొక్కటే కారణమనడము న్యాయము కాదు. తనకు రావలసిన పని ఆగిపోయినదని ఆయన బాధ. ఆ కోపము మాత్రము మిషను బంగళా మీద పడలేదు. బావి నీళ్ళు ఆపారు, వీధిలో నడవనీయలేదు, చాకలి కుమ్మరులను ఆ గడపకు పోవద్దన్నారు. ఇవన్నీ పల్లెవాడే అనుభవించాడు.

ఇట్లా ఉండగా 1876లో ధాత కరవు వచ్చినది. 1878 వరకు దక్షిణ దేశమును పీడించి లక్షల ప్రాణములను తీసినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని తగ్గించగా, ఆ తిండితో మనిషి మట్టి మోయలేడని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించారు. అప్పుడే ప్రభుత్వము మద్రాసును కృష్ణా కాలువలతో కలిపే బకింగ్‌హామ్ కాలువను త్రవ్విస్తున్నది. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే ఆ కాలువకు వచ్చినది. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసుకొన్నారు. సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చినది. బోధకులు మేస్త్రీలైనారు. పల్లె పల్లె నుండి ఆకలితో వచ్చినవారికి పలుగు, పార, తట్ట దొరికాయి. కొలిచిన మట్టికి కూలి దొరికినది. మధ్యాహ్నము, సాయంకాలము బోధకులు వారి మధ్య కూర్చుండి మాట్లాడేవారు.

2222 అన్న సంఖ్య మన సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చును. కాని నా మట్టుకు ఆ సంఖ్య కన్న దాని వెనుక ఉన్న పదిహేను నెలలే గొప్పవి. కరవు సాయము నడిచినంత కాలము దొరగారు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగినవారు వేలమంది ఉన్నారు. గింజల కోసము వచ్చారని లోకము అనకూడదనీ, వచ్చినవారు తమను తామే అట్లా అనుకోకూడదనీ ఆయన ఉద్దేశము. 1878 మధ్యలో సాయము ముగిసినది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకులను మాత్రమే రమ్మని కబురు చేస్తే, వారి వెంట జనము తరలివచ్చినది. ఇక డబ్బు లేదని చెప్పినా వారు కదలలేదు. జులై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఏటిలో నిలబడి ఇచ్చారు. క్లౌ దొరగారు స్వయముగా ఆనాడు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9606కు చేరినది.

అంత జాగ్రత్త పడినా గింజల క్రైస్తవులన్న నింద పూర్తిగా తప్పలేదు. తప్పుతుందని ఆశించడమూ సరికాదు. కరవులో తనకు పని ఇచ్చినవాడెవరో, తలుపు వేసినవాడెవరో మనిషి మరువడు. ఆ జ్ఞాపకమును విశ్వాసము నుండి వేరుచేసి తూచే త్రాసు లేదు. దొరగారు చేయగలిగినది చేశారు. ఆకలికీ బాప్తిస్మమునకూ మధ్య కొంత కాలము నిలిపారు.

ఆ తరువాత వేలమందిని ఒక బంగళా నుండి నడపడము సాధ్యమా? ఒంగోలు కాంపౌండులో అందరూ పట్టరు, పట్టినా పెట్టరాదు. క్లౌ దొరగారి జ్ఞాపకములు ఆయన చనిపోయిన నాలుగేండ్లకు, అనగా 1914లో గ్రంథముగా వెలువడినవి. పల్లెలో అంతకు ముందే ఉన్న పెద్ద మాదిగలనూ పంచాయతీనీ త్రోసివేయక, ఆ పెద్దలనే సంఘ పెద్దలుగా నిలిపిన తీరు అందులో వివరముగా ఉన్నది. విశ్వాసులను ఊరి నుండి పెకలించి తెచ్చి మిషను నీడలో పెట్టడము ఆయనకు ఇష్టము లేదు. ఇతర మిషనులు కొన్ని అట్లా చేసి, తరువాత పోషించలేక బాధపడినవి.

కనుక వెల్లంపల్లి నుండి తిరిగి వెళ్ళినవారు తమ పల్లెకే, ఆ రైతుల ఎదుటికే వెళ్ళారు. చెప్పులు కుట్టడము మానలేదు, మోట తిత్తులు చేయడము మానలేదు, కళ్ళములో మేర అడగడము మానలేదు. డప్పు కొట్టము, చచ్చిన గొడ్డును తినము, ఆదివారము రాము అన్నారు. సోమవారము తెల్లవారక ముందే వస్తామన్నారు. ఈ బేరమును కొందరు రైతులు ఆ ఏడే ఒప్పుకొన్నారు, కొందరు ఏండ్ల తరబడి ఒప్పుకోలేదు.