రెడ్‌మైన్‌లో ఏపీఐ ద్వారా వాడుకరి సమూహాల సృష్టి

రెడ్‌మైన్ అనునది ప్రాజెక్టుల నిర్వహణకు ఉపయోగపడే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇందులో వాడుకరులను సమూహాలుగా కూర్చి, సమూహం మొత్తానికి ఒకేసారి హక్కులు ఇవ్వవచ్చును. ఈ సమూహాలను నిర్వాహకుడు వెబ్ పేజీలో స్వయంగా సృష్టించవచ్చును, లేదా వేరొక ప్రోగ్రాము ద్వారా, అనగా ఏపీఐ ద్వారా, సృష్టించవచ్చును. ఈ రెండవ పద్ధతి 2012లో విడుదలైన 2.1 కూర్పు నుండి అందుబాటులో ఉన్నది.

నేపథ్యం

రెడ్‌మైన్ మొదటిసారిగా 2006లో విడుదలైనది. దీని రూపకర్త జాఁ-ఫిలిప్ లాంగ్. ఇది రూబీ భాషలో, రెయిల్స్ చట్రం ఆధారంగా వ్రాయబడినది. 2010 నాటి 1.0 కూర్పులో పనుల జాబితాకు, ప్రాజెక్టులకు ఏపీఐ లభించినది. సమూహాల వంతు రావడానికి మరి రెండేళ్ళు పట్టినది.

పెద్ద సంస్థలలో ఉద్యోగుల వివరాలు సాధారణంగా ఎల్‌డాప్ వంటి డైరెక్టరీలో ఉంటాయి. రెడ్‌మైన్ ఆ డైరెక్టరీని అడిగి సంకేతపదాన్ని సరిచూడగలదు కానీ, అక్కడి సమూహాలను తనంత తాను తెచ్చుకొనదు. ఈ లోటును పూరించడానికే చాలామంది ఏపీఐని ఆశ్రయిస్తారు.

ముందుగా కావలసినవి

నిర్వహణ విభాగపు అమరికలలో ఏపీఐ సేవను చేతనం చేయాలి. అభ్యర్థన పంపే ఖాతాకు నిర్వాహక హోదా ఉండాలి. హోదా లేని ఖాతా నుండి వచ్చిన అభ్యర్థనను సర్వరు 403 సంకేతంతో తిరస్కరిస్తుంది. ప్రతి వాడుకరికీ తన ఖాతా పేజీలో ఒక ఏపీఐ తాళపుచెవి కనిపిస్తుంది. దీనిని అభ్యర్థన శీర్షికలో పంపవచ్చును. చిరునామాకు తగిలించి కూడా పంపవచ్చును గానీ, అలా పంపినది సర్వరు చిట్టాలలో నమోదయ్యే అవకాశమున్నందున శీర్షికలో పంపడమే మేలు. నిర్వాహకుని తాళపుచెవి సమూహాలకు మాత్రమే పరిమితం కాదు. అది చేజిక్కినవారు ఏపీఐ ద్వారా నిర్వాహకుడు చేయగల పనులన్నిటినీ చేయగలరు.

సృష్టి విధానం

సమూహాల చిరునామాకు జేసన్ లేదా ఎక్స్ఎమ్ఎల్ రూపంలో పోస్ట్ అభ్యర్థన పంపాలి. అందులో సమూహం పేరు తప్పనిసరి. సభ్యుల గుర్తింపు సంఖ్యల జాబితా ఐచ్ఛికం. ఉదాహరణకు "పరీక్షకులు" అనే పేరును, 3, 5 అనే సంఖ్యలను పంపితే ఆ ఇద్దరు వాడుకరులతో సమూహం ఏర్పడి, 201 సంకేతం తిరిగి వస్తుంది. పేరు ఖాళీగా ఉన్నా, ఆ పేరుతో సమూహం అప్పటికే ఉన్నా 422 సంకేతంతో పాటు కారణం కూడా వస్తుంది. కనుక ఒకే ప్రోగ్రామును పొరపాటున రెండుమార్లు నడిపినా జంట సమూహాలు ఏర్పడవు.

అయితే ఇంతటితో సభ్యులకు ఏ ప్రాజెక్టులోనూ ప్రవేశం లభించదు. కొత్తవారు తరచుగా తడబడేది ఇక్కడే. సమూహాన్ని ప్రాజెక్టులో చేర్చి, దానికి ఒక పాత్రను ఇవ్వడానికి మరొక అభ్యర్థన పంపాలి. ఆ అభ్యర్థనలో వాడుకరి సంఖ్య వ్రాయవలసిన చోటనే సమూహపు సంఖ్యను వ్రాస్తారు. ఇది వింతగా తోచవచ్చును గానీ దీనికి కారణం డేటాబేసులో ఉన్నది. రెడ్‌మైన్‌లో సమూహాలు, వాడుకరులు ఒకే పట్టికలో నిలువ ఉంటాయి. సమూహం పేరు, వాడుకరుల ఇంటిపేరు ఉండే గడిలోనే చేరుతుంది. అందువలన ఒక సమూహానికీ ఒక వాడుకరికీ ఒకే సంఖ్య ఎన్నడూ రాదు.

సభ్యుల చేర్పు, తొలగింపు

ప్రాజెక్టులో సమూహానికి ఉన్న పాత్ర సభ్యులందరికీ సంక్రమిస్తుంది. తరువాత చేరినవారికి కూడా అది వెంటనే వస్తుంది, సమూహం నుండి తొలగగానే పోతుంది. అదే పాత్రను ఒకరికి విడిగా కూడా ఇచ్చి ఉంటే అది మాత్రం నిలుస్తుంది, ఎందుకనగా సంక్రమించిన పాత్రలు వేరుగా గుర్తించబడి ఉంటాయి. ఒక సమూహంలో మరొక సమూహాన్ని చేర్చే వీలు లేదు.

ఒక్క సభ్యుని చేర్చడానికి సమూహపు సభ్యుల చిరునామాకు పోస్ట్ అభ్యర్థన, తొలగించడానికి డిలీట్ అభ్యర్థన ఉన్నాయి. పుట్ అభ్యర్థనతో సభ్యుల జాబితా పంపినచో అది పాత జాబితాకు కలవదు, దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. నలభైమంది ఉన్న సమూహానికి ఒక కొత్త సభ్యుని సంఖ్య మాత్రమే ఈ విధంగా పంపితే మిగిలిన నలభైమందీ సమూహాన్ని, దాని ద్వారా వచ్చిన ప్రవేశాన్ని ఒక్కసారిగా కోల్పోతారు. సర్వరు దృష్టిలో ఇది సక్రమమైన అభ్యర్థనే కాబట్టి ఏ హెచ్చరికా రాదు. ముందుగా గెట్ అభ్యర్థనతో ప్రస్తుత జాబితాను తెచ్చి భద్రపరచుకొనుట మంచిది. సమూహాన్నే తొలగిస్తే సంక్రమించిన పాత్రలతో పాటు, ఆ సమూహం పేరున అప్పగించిన పనులు కూడా ఎవరికీ అప్పగించనివిగా మారిపోతాయి.

ఇతర సాఫ్టువేరులలో

రెడ్‌మైన్ నుండి 2011లో చిలీప్రాజెక్ట్, దాని నుండి ఓపెన్‌ప్రాజెక్ట్ చీలినవి. ఓపెన్‌ప్రాజెక్ట్ ఏపీఐ 3వ కూర్పులో సభ్యులను సంఖ్యలతో గాక, వారి ఖాతాల లంకెలతో సూచించాలి. అట్లాసియన్ సంస్థ వారి జీరా క్లౌడ్‌లో ఏపీఐతో సమూహాన్ని సృష్టించేటప్పుడు పేరు మాత్రమే ఇస్తారు. సభ్యులను తరువాత వేరే అభ్యర్థనలతో ఒక్కొక్కరిగా చేర్చాలి.